మొక్కలకు ఏ నీళ్లు మేలు: కడిగినవా, ఉతికినవా, ఆర్‌ఓ వదిలేసినవా?

వాడిన నీళ్లను మొక్కలకు మళ్లించాలనుకునేవాళ్లు సాధారణంగా ఎక్కువగా పోతున్న నీళ్ల వైపు చూస్తారు. నేనైతే వాటిలో ఉప్పు ఎంతుందో ముందు చూడమంటాను. మురికి మట్టిలో కుళ్లి కలిసిపోతుంది. ఉప్పు అలా పోదు, నీరు ఆవిరయ్యాక కూడా వేళ్ల దగ్గరే పేరుకుంటుంది.

ఆ లెక్కన కూరగాయలు కడిగిన నీళ్లతో ఏ ఇబ్బందీ లేదు, నేరుగా పోసేయొచ్చు. ఏసీ నుంచి కారే నీళ్లలోనూ లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కుండీలకు నా మొదటి ఓటు వాటికే. పోషకాలు కూడా ఉండవు గనుక ఎరువు మామూలుగా వేస్తూనే ఉండాలి.

బట్టలు ఉతికిన నీళ్ల దగ్గరే అసలు తంటా. డిటర్జెంట్ పౌడర్లలో సోడియం ఎక్కువ. అది చేరేకొద్దీ బంకమట్టి బిగుసుకుపోయి నీరు ఇంకదు, పైగా మట్టి క్షారగుణం పెరుగుతుంది. బ్లీచ్ కలిపితే ఆ నీళ్లు అసలు పోయొద్దు. మొదటి నీళ్లు డ్రైనేజీకి వదిలేసి, చివరిసారి జాడించినవి మాత్రం పట్టుకోండి. పౌడర్ బదులు లిక్విడ్ వాడితే సోడియం సాధారణంగా తగ్గుతుంది. స్నానం నీళ్లు వీటికన్నా నయం, నేలలో పెరిగే చెట్ల మొదళ్లకు బాగా పనికొస్తాయి.

తాగునీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, అందుకే చాలామంది వాటిని మంచివనుకుంటారు. లోపలికి వెళ్లే నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 300 అనుకుందాం. నాలుగు లీటర్లలో మూడు బయటికి వదిలే మిషన్ అయితే వదిలిన నీళ్లలో అది 400 దాకా ఉంటుంది. సగమే వదిలితే 600 దగ్గరికి వెళుతుంది. అంటే నీళ్లు ఆదా చేసే మిషన్ వదిలేవే మొక్కకు ఎక్కువ ఉప్పన! బోరు నీళ్లు ముందే ఉప్పగా ఉన్న ఇళ్లలో వీటిని నేల తుడవడానికో, బాత్రూమ్ కడగడానికో వాడుకోవడమే మేలు.

గిన్నెలు తోమిన జిడ్డు నీళ్లు వద్దు, మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి.

నేలలో ఉన్న చెట్టుకు వానలు ఉప్పును కిందికి కడిగేస్తాయి. కుండీకి ఆ వెసులుబాటు తక్కువ. ఆకుల అంచులు మాడుతున్నా, మట్టిపై తెల్లటి పొర కడుతున్నా వాడిన నీళ్లు ఆపి, అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోయండి.

సబ్బు నీళ్లను ఒక రోజుకు మించి నిల్వ ఉంచకండి, బ్యాక్టీరియా పెరిగి కంపు కొడతాయి. ఆకుల మీద చల్లకుండా మొదట్లోనే పోయండి. పచ్చిగా తినే ఆకుకూరలకు, దుంపలకు మాత్రం అవి వద్దే వద్దు.