ప్రోమాస్టర్‌ని నేను మెచ్చుకునేది దాని నేల ఎత్తుకే

క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని వండుకునే బండిగా మార్చుకోవడానికి ఏ వ్యాన్ కొనాలని ఎవరడిగినా నేను ముందు దాని లోపలి నేల ఎత్తు గురించే చెబుతాను. మాది రామ్ కంపెనీ ప్రోమాస్టర్ వ్యాన్, హై రూఫ్ (పైకప్పు ఎత్తుగా ఉండే రకం). ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి వెనకదాకా పోయే షాఫ్టు ఉండదు. అందుకే నేల రోడ్డుకి దాదాపు 21 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. కొనేటప్పుడు ఆ అంకెని నేను పెద్దగా పట్టించుకోలేదు. అమ్మానాన్నా ఇండియా నుంచి వచ్చాక గానీ దాని విలువ తెలియలేదు.

అమ్మకి రెండు మోకాళ్లూ అరిగాయి. డాలస్ నుంచి టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్దామంటే "నేను ఇంట్లోనే ఉంటాలేరా, మీరు వెళ్లిరండి" అంది. అంతకుముందు ఒక స్నేహితుడి వ్యాన్ ఎక్కించడానికి స్టూలు వేసి, చెరోపక్కా పట్టుకోవాల్సి వచ్చింది. నలుగురి ముందు అలా ఎక్కడం ఆవిడకి చాలా కష్టంగా అనిపించింది. మా దానికి పక్క తలుపు దగ్గర ఒక్క మడత మెట్టూ, పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టాను. అంతే, తనే ఎక్కింది.

అక్కడి రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో వాళ్లిద్దరికీ వ్యాన్, మాకు టెంటు. రాత్రి అమ్మ బాత్రూమ్‌కి ఎవర్నీ లేపకుండా టార్చి వేసుకుని వెళ్లొచ్చిందట. నేను లేచేసరికి లోపల నిటారుగా నిలబడి కాఫీ కలుపుతోంది. "ఇల్లులాగే ఉందిరా" అంది. తిరిగి డాలస్ చేరేదాకా ఆవిడ ఎవరి చెయ్యీ అడగలేదు. వ్యాన్ మీద పెట్టిన ప్రతి డాలరూ నాకు ఆ ఒక్క ప్రయాణంలోనే తిరిగొచ్చేసింది.

నేల తక్కువ ఎత్తులో ఉన్నందుకు కొంత వదులుకోవాలి కూడా. ఆ పార్క్‌లోని ఓల్డ్ ఓర్ రోడ్ లాంటి రాళ్ల దారుల జోలికి నేను పోను. ఇది ముందు చక్రాల బండి కాబట్టి, నీళ్ల ట్యాంకూ బ్యాటరీలూ బాగా వెనక్కి పెడితే ముందు బరువు తేలిపోయి, కంకర ఎత్తుల్లో పట్టు తగ్గుతుంది. మేం ట్యాంకుని వెనక ఇరుసుకి ముందువైపే బిగించాం.

గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి మంచం అడ్డంగా వేసుకోవచ్చని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకున్నాను. కాకపోతే ఆ వెడల్పు ఖాళీ రేకు మీద కొలిచింది. ఎండా చలీ ఆపే ఉన్ని, దాని మీద ప్లైవుడ్ పడ్డాక మాకు ఆరడుగులే మిగిలింది. ఇంట్లో అందరం అంతకంటే పొట్టివాళ్లం కాబట్టి సరిపోయింది. నేల మీద కూడా ఫోమ్, ప్లైవుడ్ కలిసి అంగుళంన్నర పెరిగింది.

మేం తిరిగేది ఎక్కువగా తారు రోడ్లు, టెక్సస్ ఎండలు, వెంట పెద్దవాళ్లు. మాకు ఇదే సరైన బండి. కొలరాడో మంచులో స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లయితే నాలుగు చక్రాల డ్రైవ్ దొరికే ఫోర్డ్ ట్రాన్సిట్‌నీ, మెర్సిడెస్ స్ప్రింటర్‌నీ ముందు నడిపి చూడండి. ఏది చూసినా ఇంట్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లని వెంట తీసుకెళ్లి ఎక్కించి, దింపి చూడండి.