పాత టాకీసుల నడక: మూడున్నర గంటలు, ఐదు వందల రూపాయలు, ఒక ప్రొజెక్టర్ గది

నేను పద్దెనిమిదేళ్ళు ఫిల్మ్ రెప్రజెంటేటివ్‌గా పనిచేశాను. ఈ ఉద్యోగం ఏమిటో ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి ముందు అదే చెప్తాను. డిస్ట్రిబ్యూటర్ తన ప్రింటు, అంటే సినిమా రీళ్ళ కాపీ, థియేటర్‌కి ఇచ్చాక, రోజూ ఎన్ని టికెట్లు తెగాయో చూసి సంతకం పెట్టడానికి తన మనిషిని ఒకణ్ణి అక్కడ కూర్చోబెడతాడు. ఆట మొదలయ్యే ముందు టికెట్ పుస్తకాల మొదటి నంబర్ రాసుకోవాలి. బుకింగ్ మూసేశాక చివరి నంబర్ రాసుకోవాలి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ, ఒక్కో క్లాసుకి ఆ తేడా ఎంతో డి.సి.ఆర్.లో, అంటే రోజువారీ కలెక్షన్ కాగితంలో ఎక్కించాలి. అనుమానం వస్తే ఇంటర్వెల్‌కి ముందు టార్చ్ పట్టుకుని హాల్లోకి వెళ్ళి తలలు లెక్కపెట్టాలి. జంట నగరాల్లో నేను కూర్చోని హాళ్ళు తక్కువ.

అందుకే మా తమ్ముడి కూతురు "పెదనాన్నా, పాత టాకీసుల మీద ఆదివారం నడక పెడుతున్నారట, మనిద్దరికీ బుక్ చేసేశాను" అనగానే సరే అన్నాను. మనిషికి 500 రూపాయలు. ఉదయం ఎనిమిదికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మెట్రో స్టేషన్ కింద కలుసుకోవాలి. అక్కణ్ణుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ, కాచిగూడ, ఆ తర్వాత మెట్రో ఎక్కి సుల్తాన్ బజార్, చివర అబిడ్స్. నడిపేది ముగ్గురు కుర్రాళ్ళు. వాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. కొన్ని లోపాలు చెప్పాల్సి ఉంది, కష్టపడుతున్న పిల్లల్ని పేరు పెట్టి నలుగురిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

మొదలవడమే అరగంట ఆలస్యం. ఇరవై ఇద్దరం ఉన్నాం, చెప్పేది ఒక్కడు. మైకు లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆదివారం పొద్దున కూడా బస్సుల హారన్లు ఆగవు కదా, వెనక నిలబడ్డ పదిమందికి ఒక్క ముక్క వినపడలేదు. వాళ్ళు ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. నాకు బాధనిపించింది. ఎందుకంటే ఆ కుర్రాడు చెప్తున్నది నిజంగా మంచి విషయం.

అతను మొదలుపెట్టింది 1922తో. ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ ఆయన హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి, ఇక్కడే సినిమాలు తీసి, ఇక్కడే సినిమా హాళ్ళు కూడా నడిపాడు. మూకీల కాలం. 1924లో రజియా బేగం కథ మీద వచ్చిన సినిమా ఒకటి ఆడించినందుకు నిజాం ఆయన్ని ఊరు వదిలి వెళ్ళమన్నాడు. ఆయన కలకత్తా తిరిగి వెళ్ళి పెద్దవాడయ్యాడు, తర్వాతెప్పుడో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా వచ్చింది. ఇన్నేళ్ళు ఈ వృత్తిలో ఉండి నేను ఈ సంగతి వినలేదు. పెద్ద స్టూడియోల కథలు మద్రాసువి, బొంబాయివి చెప్పుకున్నాం గానీ, మన ఊళ్ళో ఇంత ముందే ఇంత జరిగిందని మాకెవరూ చెప్పలేదు. ఐదు వందల్లో రెండు వందలు ఆ పది నిమిషాలకే చెల్లిపోయాయి అనుకున్నాను.

క్రాస్‌రోడ్స్ గురించి నాకు ఒకరు చెప్పనక్కరలేదు. సంధ్య, సుదర్శన్ 35 ఎం.ఎం., దేవి ఇంకా ఆడుతున్నాయి. పాత ఓడియన్ పోయింది, సుదర్శన్ 70 ఎం.ఎం. పోయింది. ఇక్కడే కుర్రాడు ఒక తప్పు చెప్పాడు. 70 ఎం.ఎం. అంటే పెద్ద తెర ఉన్న హాలని, 35 ఎం.ఎం. అంటే చిన్న హాలని అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. అది తెర కొలత కాదు, ఫిల్మ్ వెడల్పు. మామూలు ప్రింటు 35 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల ప్రింటు ఆడాలంటే మిషన్ వేరే కావాలి, ఆరు ట్రాకుల సౌండ్ కావాలి, ఆ బొమ్మకి తగ్గట్టు పెద్ద తెర కావాలి. తెలుగులో మొట్టమొదటి 70 ఎం.ఎం. సినిమా, కృష్ణగారి 'సింహాసనం', 1986లో గానీ రాలేదు. నడక మధ్యలో పక్కకి పిలిచి ఈ మాట చెప్పాను. చిన్నబుచ్చుకోలేదు. "థాంక్యూ అంకుల్, తర్వాత ఆగే చోట మీరే చెప్పండి" అని నన్ను ముందుకి తెచ్చి నిలబెట్టాడు. ఆ గుణం నాకు బాగా నచ్చింది.

చిక్కడపల్లి, నారాయణగూడ త్వరగా దాటేశాం. దీపక్ గురించి రెండు మాటలు, ఒక ఫొటో, అంతే. కట్టడం లేనిచోట ఏం చూపించాలో వాళ్ళకి తోచలేదనిపించింది. అలాంటి చోట కట్టడం వెతకకూడదు. ఆ హాలు మీద బతికిన వాళ్ళని వెతకాలి. ప్రతి హాలు ఎదురుగా ఒక టీ బండి, ఒక పాన్ డబ్బా, సైకిల్ స్టాండ్ ఉండేవి. సెకండ్ షో వదిలేదాకా స్టాండ్ కుర్రాడు టోకెన్లు పట్టుకుని కూర్చునేవాడు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ అవే వీధుల్లో ఉన్నారు. నారాయణగూడలో మేం ఆగినచోట పాన్ డబ్బా ముసలాయన మమ్మల్ని చూసి తనంతట తనే అన్నాడు: "బాల్కనీకి పోయేటోళ్ళందరు మీఠా పాన్, నేలకు పోయేటోళ్ళు బీడీ కట్ట. గేటు ఎన్కనే నా డబ్బా ఉండె సార్." కుర్రాళ్ళు ఆయన్ని మాట్లాడించలేదు, టైమైపోతోందని ముందుకి నడిచారు. నేను, మా అమ్మాయి ఆగి ఐదు నిమిషాలు విన్నాం. తర్వాత పరుగెత్తి అందుకున్నాం.

కాచిగూడలో తారకరామ ముందు ఆగాం. ఎన్టీఆర్ కుటుంబం హాలు. కొన్నేళ్ళు కళ తప్పి ఉండి, కొత్త హంగులతో 2022 డిసెంబర్‌లో మళ్ళీ తెరుచుకుంది. భార్య బసవతారకం పేరులోని తారకం, తన పేరు తారకరాముడు, రెండూ కలిసొచ్చే పేరు అది. అమీర్‌పేటలో పాత సత్యం ఉన్నచోట 2023 జూన్‌లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది. సినిమా జాగాలో మళ్ళీ సినిమాయే ఆడితే నాకు సంతోషం. ఫంక్షన్ హాలో, గోడౌనో అవడం కంటే వెయ్యి రెట్లు నయం.

ఇక అసలు సంగతికి వస్తాను. కాచిగూడ దగ్గర మూతపడి ఉన్న ఒక హాల్లోకి మమ్మల్ని తీసుకెళ్ళారు. పేరు ఎక్కడా రాయకూడదన్నది యజమాని షరతు, కాబట్టి రాయను. కుర్చీలు ఊడదీసేశారు. నేలకి బోల్టుల గుంతలు వరసగా మిగిలాయి. తెర చట్రం ఖాళీగా ఉంది. పక్క మెట్ల మీంచి ప్రొజెక్టర్ గదికి వెళ్ళాం, ఒక్కసారి ఆరుగురికే చోటు.

ఆ గదిలో ఒకప్పటి ఆపరేటర్ మా కోసం వచ్చి కూర్చున్నాడు. డెబ్భై దాటాయి. రెండు మిషన్లలో ఒకటే మిగిలింది. ఆయన జేబులోంచి వేలెడంత కార్బన్ ముక్క ఒకటి తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాడు. పైన రాగి పూత, ఒక కొస కాలి గుంట పడి ఉంది. ఇలాంటి పుల్లలు రెండు, ఎదురెదురుగా, మధ్యలో కొద్దిపాటి సందు. ఆ సందులో మండే మంటే తెర మీద వెలుగు. పుల్లలు కాలుతూ అరిగిపోతుంటాయి, సందు పెరిగితే బొమ్మ పసుపెక్కి మసకబారుతుంది, అందుకని ఆపరేటర్ సినిమా చూడడు, నల్లద్దంలోంచి ఆ మంటని చూస్తాడు. "సినిమా మొత్తం నేనెన్నడు సూడలే. సౌండు మాత్రం ఇన్న" అన్నాడు. పక్కన చిమ్నీ గొట్టం పైకప్పు దాకా ఉంది, పొగ బయటికి పోవడానికి.

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండు రీళ్ళు అతికించి ఒక స్పూలుకి చుడితే ఇరవై రెండు. రెండున్నర గంటల సినిమాకి పద్నాలుగు రీళ్ళు. రీలు అయిపోవచ్చే ముందు తెర మీద కుడివైపు పై మూలన చిన్న చుక్క పడుతుంది. అది చూడగానే రెండో మిషన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చెయ్యాలి. జనానికి తెలియకుండా జరిగితే మంచి ఆపరేటర్, తెర తెల్లబడితే నేల నుంచి ఈలలు. ఆ చుక్క గురించి చెప్పగానే మా అమ్మాయి ఫోన్‌లో పాత సినిమా పెట్టి వెతకడం మొదలుపెట్టింది. దొరికింది కూడా. "పెదనాన్నా, ఇన్నేళ్ళు ఇది గీత అనుకున్నాను" అంది.

గోడకి ఉన్న చిన్న కిటికీలకి పైన ఇనప రేకులు ఉన్నాయి. అవి ఎందుకో ఎవరూ అడగలేదు, కుర్రాళ్ళు చెప్పలేదు, నేనే చెప్పాను. 1950ల తొలినాళ్ళ దాకా వచ్చిన నైట్రేట్ ఫిల్మ్ అగ్గిపుల్లలా అంటుకునేది. గదిలో మంట లేస్తే ఆ రేకులు కిందపడి హాలుకీ గదికీ మధ్య మూసుకుపోవాలి. జనం బతకాలి. గదిలో ఉన్న మనిషి తలుపులోంచి బయటపడాలి. తర్వాత అంత తేలిగ్గా అంటుకోని సేఫ్టీ ఫిల్మ్ వచ్చింది, రేకులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ రేకు పక్కన సున్నం గోడ మీద పెన్సిల్‌తో వరసలు. పైనుంచి కింద దాకా అంకెలు. మార్పు టైములు, ఏ రోజు ఎన్ని కార్బన్లు కాలాయో లెక్క. ఒకచోట అంకెల మధ్య "ప్రింటు రాలేదు" అని రాసి ఉంది. ఒకే ప్రింటుని రెండు హాళ్ళలో ఆడించే రోజులు గుర్తొచ్చాయి. ఇక్కడ అయిపోయిన రీళ్ళని సైకిల్ మీద పెట్టుకుని కుర్రాడు అక్కడికి పరుగెత్తేవాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అక్కడ తెర మీద వ్యాపార ప్రకటనల స్లైడ్లు మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. ఆ టెన్షన్ నేను ఎన్నిసార్లు పడ్డానో. ఆ గోడని నేను చాలాసేపు చూశాను. నగరంలో పాత టాకీసుల చరిత్ర ఎక్కడుందని ఎవరైనా అడిగితే, ఇలాంటి గోడల మీద ఉంది, డి.సి.ఆర్. కట్టల్లో ఉంది, ఆ ముసలాయన చేతుల్లో ఉంది అని చెప్తాను. హాలు ముందు వైపు గోడ మీద డిజైన్ ఏ శైలిదో తర్వాత చూసుకోవచ్చు.

ఇంత గొప్ప చోట మనిషికి వచ్చిన సమయం పన్నెండు నిమిషాలు. బ్యాచ్‌కి ఆరుగురు, కింద మిగతావాళ్ళు ఎండలో. ఇదే నా పెద్ద ఫిర్యాదు. క్రాస్‌రోడ్స్‌లో నలభై నిమిషాలు రోడ్డు మీద నిలబెట్టి, ఇక్కడ తరిమెయ్యడం అన్యాయం. మనుషుల్ని పన్నెండుకి తగ్గించి, ఈ గదిలో గంట కూర్చోబెట్టి, టికెట్ ఏడు వందలు చెయ్యండి. నేను ఇస్తాను.

సుల్తాన్ బజార్‌లో రాయల్ ఉన్నచోటు చూపించి, అబిడ్స్ చేరేసరికి పదకొండున్నర దాటింది, అందరూ అలిసిపోయారు. ప్యాలెస్, జమరుద్ మహల్, సాగర్, సంతోష్-సప్న, రామకృష్ణ. ఇన్ని హాళ్ళున్న చోటుకి పావుగంటా! జమరుద్ అంటే పచ్చ రాయి అని, పాత హైదరాబాద్ హాళ్ళ పేర్లలో ఉర్దూ ఎంత ఉందో అని చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. అబిడ్స్‌ని వేరే నడకగా పెట్టాలి.

హాలు పోయినా పేరు పోని చోట్ల గురించి చివర్లో చెప్పింది మాత్రం బావుంది. లిబర్టీ, సంగీత్, ప్లాజా, ప్యారడైజ్. బస్సు కండక్టర్ రోజూ అరిచే పేర్లు ఇవి. ప్యారడైజ్ బిర్యానీ అందరికీ తెలుసు గానీ, అది 1953లో ప్యారడైజ్ టాకీసులో చిన్న కేఫ్‌గా మొదలైందని ఆ గుంపులో సగం మందికి తెలియదు. టాకీసు లేదు, పేరు మెట్రో స్టేషన్‌కి ఎక్కింది.

వెళ్ళదలుచుకున్నవాళ్ళకి: గొడుగు, నీళ్ళ సీసా తప్పదు. టిఫిన్ తినే వెళ్ళండి, మధ్యలో ఇచ్చేది ఒక్క ఉస్మానియా బిస్కెట్, చాయ్. మోకాళ్ళ నొప్పులుంటే ప్రొజెక్టర్ గది మెట్లు నిటారుగా ఉంటాయి, కుర్రాళ్ళు చెయ్యి పట్టి ఎక్కిస్తారు, మొహమాటపడొద్దు. పిల్లల్ని తీసుకెళ్ళండి. చెప్పేవాడికి దగ్గరగా నిలబడండి. ఐదు నక్షత్రాలకి నేను నాలుగు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటి మైకు కోసం, పన్నెండు నిమిషాల కోసం.

విడిపోయేటప్పుడు కుర్రాడు నా ఫోన్ నంబర్ తీసుకున్నాడు. మా ఇంట్లో అటక మీద రేకుపెట్టెలో నా డి.సి.ఆర్. కాపీలు ఉన్నాయని మా అమ్మాయి చెప్పేసింది. బుధవారం ఇద్దరు వచ్చి కింద చాప మీద కూర్చుని రాత్రి తొమ్మిది దాకా ఒక్కో కాగితం ఫొటో తీసుకున్నారు. కాగితం కొసలు రాలిపోకుండా కింద అట్ట పెట్టి తిప్పారు. సగమే అయింది, మళ్ళీ ఆదివారం వస్తామన్నారు. వచ్చే నెల సికింద్రాబాద్ నడక ఉంది, దానికి మా ఇద్దరి డబ్బులు కట్టేశాను.