కంచరపాలెం గాజు కొట్టు: పలకల మధ్య కాగితం చూసి కొన్నాను

లాసన్స్ బే కాలనీలోని మా ఇంటికి సముద్రం వైపు నాలుగు కిటికీలున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు వాటి అద్దాలన్నీ పగిలిపోగా, ఆ రోజుల్లో దొరికినవి తెచ్చి బిగించుకున్నాము. ఈ వేసవిలో ఇంటికి రంగులు వేయిస్తూ వాటిని మార్చాలనుకున్నాను. మొదట వెళ్లిన కొట్టు పేరు ఇక్కడ అనవసరం. అక్కడ కొన్న పలకలను బిగించి, కడిగి, తుడిచాక చూస్తే, ఎండ ఏటవాలుగా పడినప్పుడల్లా పాలు ఒలికి ఆరినట్టు తెల్లని మరకలు, వాటి అంచుల్లో నీటి మీద నూనె తేలినప్పుడు కనిపించే రంగులు బయటపడ్డాయి. నిమ్మరసానికీ వెనిగర్‌కూ అవి లొంగలేదు. అడిగితే మేము తుడవడంలోనే లోపమన్నారు.

లోపం తుడవడంలో లేదు. కిటికీలకు వాడే మామూలు గాజులో నూటికి డెబ్బై పాళ్లకు పైగా ఇసుక నుంచి వచ్చే సిలికాయే. మిగిలినదానిలో ఎక్కువ భాగం సోడా, సున్నం. ఒట్టి ఇసుకను కరిగించాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి కనుక, ఆ వేడిని తగ్గించడానికి సోడా యాష్, అంటే బట్టల సోడాలోని నీరంతా పోగా మిగిలే పొడి, కలుపుతారు. అయితే ఇసుక, సోడా రెండే కలిస్తే వచ్చే గాజు నీటిలో కరిగిపోతుంది. దానిని కరగకుండా నిలబెట్టేది సున్నపురాయి. ఆ పట్టు గట్టిదే గాని సంపూర్ణమైనది కాదు. ఒకదాని మీద ఒకటి ఆనించిన పలకల మధ్య చెమ్మ చేరి వారాల తరబడి కదలకుండా ఉంటే, గాజులోని సోడియం ఆ నీటిలోకి దిగి, దానిని క్షారంగా మార్చి, చివరికి ఆ క్షారమే గాజు పైపొరను తినేస్తుంది. వాన నీరు జారిపోతుంది కాబట్టి బిగించిన కిటికీకి అంత ప్రమాదం లేదు; ఉన్నదంతా నిల్వలోనే. విశాఖ గాలిలో ఏడాది పొడవునా తేమే కనుక, ఈ ఊళ్లో గాజు కొట్టును ధర చూసి గాక నిల్వ చూసి ఎంచుకోవాలని నా అభిప్రాయం.

ఆ లెక్కన కంచరపాలెంలో నాకు దొరికిన కొట్టుకు మంచి మార్కులే వేస్తాను. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి గాని, లోపల పలకలన్నీ చెక్క స్టాండ్లకు కాస్త వాలుగా నిలబెట్టి, నేల తగలకుండా కింద రబ్బరు పట్టీలు వేసి, ప్రతి రెండింటి మధ్యా కాగితం పెట్టి ఉన్నాయి. నేను వెంట తీసుకెళ్లిన మరకల ముక్కను యజమాని వెలుతురుకు పట్టి చూసి, "మీకు గాజు అమ్మలేదు బాబూ, చెమ్మ అమ్మేరు" అన్నారు. చదరపు అడుగుకు మొదటి కొట్టు కంటే 5 రూపాయలు ఎక్కువ చెప్పారు, బేరమాడలేదు.

కోత చూడముచ్చటగా ఉంది. కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు ఆనించి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కటే గీత గీశారు. సర్రుమని సన్నని చప్పుడు. గీసిన చోట రెండోసారి చక్రం పెడితే అంచు పెచ్చులు లేస్తుందట. తరువాత గీతను బల్ల అంచుకు సరిచేసి కిందికి నొక్కగానే పలక టక్కున విడిపోయింది. నిజానికి కట్టర్ కోయదు, పగులుకు దారి చూపిస్తుంది, అంతే. కోసిన అంచు ఆకుపచ్చగా కనిపించడానికి ఇసుకలో ఉండే ఇనుమే కారణం. మన భీమిలి ఎర్రమట్టి దిబ్బల ఇసుక పనికిరాదా అని నేను అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ ఎరుపు ఇనుముదే మరి.

పలకలు ఫ్లోట్ గాజువే. కరిగిన తగరం మీద గాజును పరిచి తేల్చే ఆ పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. దాని చదును తెలుసుకోవడానికి పలకలో ఎదుటి కరెంటు తీగ ప్రతిబింబాన్ని చూశాను; ఎక్కడా వంకర పోలేదు. రెండడుగులకు మూడడుగుల 5 ఎం.ఎం. పలక ఏడు కిలోలుంటుంది కనుక, ట్రాలీ ఆటోలో పడుకోబెట్టకుండా నిలువుగా కట్టి పంపడం కూడా నాకు నచ్చింది.

బాల్కనీ తలుపు విషయంలో మాత్రం ఇబ్బంది పడ్డాను. దానికి టఫెన్డ్ గాజు కావాలన్నాను. పలకను 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి, గాలి ఊది ఒక్కసారిగా చల్లార్చి చేసే ఈ రకాన్ని తరువాత కోయడానికీ వీల్లేదు, తొలచడానికీ వీల్లేదు. కొలతలన్నీ ముందే సరిచూసుకోవాలి. పిడి రంధ్రం కొలతను వీరు 10 ఎం.ఎం. తేడాగా రాసుకున్నారు. తప్పు ఒప్పుకుని తమ ఖర్చుతోనే మళ్లీ చేయించారు గాని, ఈలోగా పది రోజులు తలుపుకు ప్లాస్టిక్ పట్టా కట్టుకుని గడిపాము.

బిల్లు అడిగితేనే ఇస్తారు. రంధ్రాల కొలతలు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చి, దాని మీద వారి సంతకం తీసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా భోజనానికి మూసేస్తారు. ఉదయం వెళ్తే పలకలను ఎండ వెలుతురులో ఏటవాలుగా పట్టి చూసుకోవచ్చు.