జేఆర్‌డీ టాటాను వెతుక్కుంటూ పారిస్, ఆర్డెలో ఊళ్లలో

పారిస్‌లో, మన దేశ విమానయానానికి ఆద్యుడైన జేఆర్‌డీ టాటా సమాధి చూడాలంటే మెట్రో మూడో లైన్ ఎక్కి పేర్ లషేజ్‌లో దిగాలి. శ్మశానానికి టికెట్ లేదు. కానీ 44 హెక్టార్లు, అంటే మన లెక్కలో వంద ఎకరాల పైమాటే. ఎత్తుపల్లాలు, రాళ్లు పరిచిన బాటలు. జనమంతా రాక్ గాయకుడు జిమ్ మారిసన్, పియానో సంగీతకారుడు షోపాఁ సమాధుల వైపే పోతుంటారు. టాటాల కుటుంబ సమాధి ఏ డివిజన్‌లో ఉందో ముందే ఫోన్‌లో చూసి పెట్టుకోండి. 1993 నవంబరులో జెనీవాలో పోయాక ఆయన్ని ఇక్కడికే తెచ్చారు. దండం పెట్టుకుని, కాసేపు నిలబడి వచ్చేశాం. నిజం చెప్పాలంటే ఆయన అక్కడ దొరకరు.

అదే లైన్‌లో వెనక్కొస్తే ఆర్ట్ ఎ మెతియే. ఆ పేరుతోనే ఉన్న మ్యూజియాన్ని మాత్రం వదలొద్దు (సోమవారం సెలవు). పాత చర్చిలో పైనుంచి వేలాడుతూ ఉంటుంది ఫ్రెంచి వైమానికుడు బ్లేరియో విమానం. 1909 జులై 25న ఇంగ్లిష్ చానల్ దాటిన అసలు విమానమే, నమూనా కాదు. వెనక సగానికి గుడ్డ కూడా లేదు, కర్రల చట్రం తీగలతో సహా కనిపిస్తుంది. మూడు సిలిండర్ల ఇంజిన్, 25 హార్స్‌పవర్. ఇప్పటి బుల్లెట్ 350 కన్నా కాస్త ఎక్కువ, అంతే! దానితో సముద్రం మీదికి వెళ్లాడు మహానుభావుడు.

ఈ బ్లేరియోకి ఉత్తర ఫ్రాన్స్‌లో ఆర్డెలో (Hardelot) అనే సముద్రతీరపు ఊళ్లో, బీచ్‌లో ఇల్లుండేది. టాటాల వేసవి ఇల్లూ అక్కడే. పదిహేనేళ్ల జేఆర్‌డీ మొదటిసారి గాల్లో తిరిగొచ్చిందీ అక్కడే. తర్వాత 1929లో మన దేశంలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్స్ ఆయనదే. 1930లో ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపే పోటీలో, ఈజిప్టులో ఆగిపోయిన ప్రత్యర్థి ఆస్పీ ఇంజనీర్‌కి తన దగ్గరున్న స్పార్క్ ప్లగ్ ఇచ్చేశారు. ఆస్పీయే గెలిచాడు. 1932లో కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన అదే దారిలో, 1982లో 78 ఏళ్ల వయసులో మళ్లీ ఒక్కరే నడుపుకుంటూ వచ్చారు. బుగాటీ కార్లు, మంచు మీద స్కీయింగ్ అదనం.

బస సంగతి. గార్ దు నార్ స్టేషన్ చుట్టూ చవక, గోల ఎక్కువ. మేము రెపబ్లిక్ దగ్గర దిగాం. లిఫ్టులో ఒక మనిషి, ఒక పెట్టె పడితే గొప్ప. అయినా మూడో లైన్ గుమ్మంలో ఉన్నట్టే కాబట్టి డబ్బుకి న్యాయం జరిగింది. తిండికి టెన్షన్ లేదు, లా షపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసెలు దొరుకుతాయి.

ఆర్డెలోకి గార్ దు నార్ నుంచి రైల్లో బులోన్ వెళ్లి, అక్కడినుంచి టాక్సీ పట్టుకున్నాం. టాక్సీకి బాగానే వదిలింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే వంటిళ్లు మూసేస్తారు, శాకాహారులు ఏదైనా వెంట పెట్టుకోవడం మంచిది. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేట్టయితే నేను వద్దంటాను. ఒక రాత్రి ఉండి, ఇసుక మీద తెరచాప బండి నడిపితేనే ఆ ప్రయాణానికి అర్థం. బ్లేరియో తన కాలంలో ఆ బండ్లు కూడా తయారు చేశాడు. ఇంజిన్ లేదు, బ్రేకు లేదు, చేతిలో ఒక తాడు. గాలి పట్టగానే నేలకి జానెడు ఎత్తులో దూసుకుపోతాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే నడపనిస్తారు కనుక, ఆటుపోట్ల టైం చూసుకుని రూమ్ బుక్ చేసుకోండి.