సమీర్: గాలి పేరా, కబుర్ల పేరా?

హైదరాబాద్‌లో ఒకే బెంచీ మీద ఇద్దరు సమీర్‌లు కూర్చోవడం మామూలే. పిలుపు ఒకటే, పుట్టిల్లు వేరు. సంస్కృతంలో సమీరం అంటే గాలి. ‘ఈర్’ ధాతువుకు కదలడం అని అర్థం, దాని ముందు ‘సమ్’ చేరింది. వాయుపుత్రుడైన హనుమంతుణ్ణి సమీరకుమారుడు అనేది అందుకే. మలయసమీరంలో ఉన్నదీ ఈ మాటే.

అరబ్బీ సమీర్‌కు గాలితో సంబంధమే లేదు. అక్కడ ‘సమర్’ అంటే రాత్రిపూట చెప్పుకునే కబుర్లు. పొద్దుపోయేదాకా పక్కన కూర్చుని మాట్లాడే తోడే సమీర్. నిజం చెప్పాలంటే నాకు ఈ అర్థమే ఎక్కువ ఇష్టం. వేసవి రాత్రి డాబా మీద నీళ్లు చల్లి, చాపలు పరిచి, నిద్ర ముంచుకొచ్చేదాకా చెప్పుకున్న ముచ్చట్లు గుర్తొస్తాయి.

ఆడపిల్లకు పెడితే సమీర, సమీరా. తెలుగు రాతలో తరచూ ఆ చివరి దీర్ఘమే తేడా.