తాడా, పరంజానా, క్రేడిలా? ఎత్తు మీద పనికి ఏది మేలు?

మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్‌కి ఇంకా మూడు వారాలుంది. చిమ్నీ మీద పెయింట్ ఎక్కడ పెచ్చులూడిందో, బోల్టులు ఎక్కడ తుప్పు పట్టాయో చూసి అక్కడక్కడా టచప్ చేయాలి. బల్ల మీద రెండు కొటేషన్లున్నాయి. చుట్టూ పరంజా కట్టి చేస్తామని ఒకరు, తాళ్ల మీద దిగి చేస్తామని ఇంకొకరు. రెండోది చూడగానే మా మేనేజర్ పక్కకు నెట్టేశారు. "తాడు మీద మనుషుల్ని వేలాడదీస్తారా? రేపేదైనా అయితే జవాబు ఎవరు చెప్తారు? పరంజా కట్టించండి."

ఆయన భయం నాకు తెలుసు. కింద నుంచి చూసేవాడికి పరంజా కోటలా ఉంటుంది, తాడు దారంలా ఉంటుంది. కానీ సేఫ్టీ పనిలో ఉన్నవాడు చూడాల్సింది వేరే. పని మొత్తం అయ్యేసరికి ఎంతమంది, ఎన్ని గంటలు పడిపోయే చోట ఉంటారు? పైన ఒకడు ఇరుక్కుపోతే కిందికి దించేదెవరు?

ముందు పరంజా. కట్టడం పూర్తయి, రెయిలింగ్, పలకలు సరిగ్గా ఉన్నాయని పచ్చ ట్యాగ్ వేలాడదీశాక దానికి సాటి లేదు. వెల్డర్ ఎక్కొచ్చు, ఫిట్టర్ ఎక్కొచ్చు, నలుగురు కలిసి బరువైన వాల్వు ఎత్తొచ్చు. వాళ్లకి ప్రత్యేకంగా ఎక్కే విద్య రానక్కర్లేదు. కానీ ఆ పచ్చ ట్యాగ్ పడేదాకా సంగతేమిటి? పైవరస పైపు బిగించే మనిషికి తన చుట్టూ ఇంకా రెయిలింగ్ ఉండదు. విప్పేటప్పుడూ అంతే. రెండు రోజుల తనిఖీ కోసం అంతెత్తు పరంజా కట్టి విప్పుతుంటే, తనిఖీ చేసేవాడి ప్రమాదాన్ని తీసి పరంజా కూలీ నెత్తిన పెట్టినట్టే. కాగితం మీద మాత్రం "సేఫ్" అని ఉంటుంది.

ఇంకోటి, పరంజా బలం చాలావరకు అది పట్టుకున్న గోడలో ఉంటుంది. 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, విల్లో ఐలాండ్ అనే చోట కడుతున్న కూలింగ్ టవర్ మీద ఇదే జరిగింది. పరంజాని టవర్ కాంక్రీటుకే బిగించారు. ముందురోజు పోసిన కాంక్రీటు ఇంకా గట్టిపడలేదు. అది ఊడొచ్చేసరికి పరంజాతో పాటు 51 మంది పోయారు.

ఇక తాడు. తాళ్ల మీద దిగి చేసే ఈ పనిని రోప్ యాక్సెస్ అంటారు. అసలు రోప్ యాక్సెస్ అంటే ఒక తాడు కాదు, రెండు. ఒకదాని మీద మనిషి దిగుతాడు, రెండోది ఖాళీగా పక్కనే ఉంటుంది. రెండూ పైన వేర్వేరు యాంకర్లకి, అంటే తాడు కట్టే గట్టి ఆధారాలకి, కట్టి ఉంటాయి. డిసెండర్ (తాడు మీద దిగడానికి వాడే పరికరం) పిడి వదిలేస్తే మనిషి అక్కడే ఆగుతాడు. మొదటి తాడు తెగినా, యాంకర్ ఊడినా రెండో తాడు మీద అతనితో పాటే జారుతున్న పరికరం పట్టేస్తుంది. గుహల్లోకి దిగేవాళ్లు, కొండలెక్కేవాళ్లు వాడే పద్ధతుల్లోంచి బ్రిటన్‌లో పుట్టిన పని ఇది. 1980ల చివర్లో అక్కడి కంపెనీలు కలిసి ఐరాటా అనే సంఘం పెట్టుకున్నాయి. అది తాడు పనివాళ్లకి పరీక్ష పెట్టి కార్డు ఇస్తుంది, అందులో మూడు లెవెల్స్. ఒకటి నుంచి రెండుకి పోవాలంటే కనీసం ఏడాది, తాడు మీద వెయ్యి గంటలు. లెవెల్ త్రీ సూపర్‌వైజర్ సైట్లో లేకుండా పని మొదలుపెట్టకూడదు. కార్డు మూడేళ్లే చెల్లుతుంది, తర్వాత మళ్లీ పరీక్ష.

వీళ్లు తాడు చెక్ చేసే తీరు ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి. నేను చూసిన కుర్రాడు గ్లవ్స్ తీసేసి, పదకొండు మిల్లీమీటర్ల తాడుని వేళ్ల మధ్య నుంచి మెల్లగా పోనిచ్చాడు. జానెడు జానెడుకీ దాన్ని ఉచ్చులా వంచి చూశాడు. లోపలి పోగులు బాగుంటే వంపు గుండ్రంగా వస్తుంది. దెబ్బతిని ఉంటే అక్కడ తాడు సత్తువ లేనట్టు మడతపడుతుంది. పైతొడుగు మీద చిన్న గీతైనా లేకపోవచ్చు. ఒక చోట ఆగి, మళ్లీ వంచి, "ఇక్కడ మెత్తగా ఉంది సార్" అన్నాడు. నేను పట్టి చూస్తే నాకేం తెలియలేదు. ఆ తాడు మళ్లీ పనికెక్కలేదు.

తాడుకి శత్రువులూ ఉన్నారు. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. పక్కన వెల్డింగ్ నిప్పురవ్వలుంటే రెండు తాళ్లూ ఒకేసారి పోవచ్చు. ఆసిడ్ తగిలినా పాడవుతుంది, అదీ కంటికి కనపడకుండా. పిట్టగోడ అంచు మీద కాన్వాస్ తొడుగు వేయకపోతే ఒరుసుకుని తెగుతుంది. అందుకే ఆసిడ్ ట్యాంకుల దగ్గరా, రోజుల తరబడి గ్యాస్ కటింగ్ ఉన్న చోటా నేను తాడుకి ఒప్పుకోను. బ్రిటన్ రూల్స్ కూడా రెయిలింగ్ ఉన్న చోటు దొరికితే ముందు అదే వాడమంటాయి. మేనేజర్ మాట పూర్తిగా తప్పేం కాదు.

ఐరాటా ఏటా ప్రమాదాల లెక్కలు వేస్తుంది, అవి బాగానే ఉంటాయి. కాకపోతే అది సభ్య కంపెనీల లెక్క. మన ఊళ్లలో "రోప్ వర్క్" పేరుతో జరిగేదంతా అందులోకి రాదు. చెక్క పలక మీద కూర్చుని, ఒకే తాడుతో, బెల్టు కూడా ఆ తాడుకే కట్టుకుని అద్దాలు తుడిచే మనిషిని మీరూ చూసే ఉంటారు. ఆ తాడు పోతే బెల్టూ దానితోనే పోతుంది. మా మేనేజర్ మనసులో ఉన్న బొమ్మ అదే. ఆ బొమ్మకి భయపడాల్సిందే, కానీ రెండు తాళ్ల పనిని దానితో ఒక గాటన కట్టకూడదు.

క్రేడిల్, అంటే పైకప్పు నుంచి వేలాడే తొట్టి, దాని గురించి ఎక్కువ చెప్పను. నిటారుగా, నున్నగా ఉన్న అద్దాల గోడకి అది హాయి. వంపు తిరిగిన ట్యాంకుకి, పైపుల మధ్య సందులకి పనికిరాదు. చూడాల్సినవి రెండు: పైకప్పు మీద క్రేడిల్ బరువుకి ఎదురుబరువుగా పెట్టే 25 కిలోల దిమ్మలన్నీ ఉన్నాయా, ఎవరైనా తలుపుకి అడ్డం పెట్టుకోడానికి పట్టుకెళ్లారా (నవ్వకండి, నేను చూశాను). మనుషుల బెల్టులు క్రేడిల్‌కి కాకుండా విడిగా పైనుంచి వచ్చే తాడుకి తగిలించారా.

నా ఓటు: చూడటం, కొలవటం, టచప్ లాంటి పొట్టి పనికి రెండు తాళ్లు. బరువు, నిప్పు, వారాల పని ఉంటే పరంజా. మా చిమ్నీకి తాడే మేలని మేనేజర్‌తో అరగంట వాదించి ఒప్పించాను.

మర్నాడు తాళ్ల కాంట్రాక్టర్‌ని పిలిపించాను. ముగ్గురి కార్డులు తెచ్చాడు. అన్నీ లెవెల్ వన్.

"లెవెల్ త్రీ ఎవరు?"

"ఆయన వేరే సైట్లో ఉన్నాడు సార్. ఫోన్‌లో దొరుకుతాడు."

"పైన నీ మనిషికి కళ్లు తిరిగితే?"

"108కి కొడతాం సార్."

బెల్టులో కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి నిమిషాల మీద ప్రాణానికొస్తుంది. దించాల్సింది పక్క తాడు మీద ఉన్న తోటివాడే. "అంబులెన్స్ వాళ్లు చిమ్నీ ఎక్కుతారా అబ్బాయ్?" అన్నాను. అతను నవ్వాడు, నేను నవ్వలేదు.

ఆ సాయంత్రం పరంజా కొటేషన్ మీద సంతకం పెట్టాను.