పైలట్ చేతికి ఏది ఎక్కువ చెబుతుంది: సైడ్‌స్టిక్కా, యోకా?

ఎయిర్‌బస్ ఏ320 కాక్‌పిట్‌లో పైలట్ల పక్కన విమానాన్ని నడిపే చిన్న కర్రలు, సైడ్‌స్టిక్‌లు ఉంటాయి. ఒకరు లాగితే రెండోది కదలదు. ముందు ఖాళీగా ఉంటుంది కాబట్టి బల్ల వేసుకుని హాయిగా భోంచేయొచ్చు! బోయింగ్ 777లో అయితే మోకాళ్ల మధ్య పెద్ద యోక్, అంటే స్టీరింగ్ లాంటి పిడి. ఒకటి లాగితే రెండోదీ వెనక్కి వస్తుంది, పక్కవాడేం చేస్తున్నాడో అడగక్కర్లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద తెలిసింది. ఎయిర్ ఫ్రాన్స్ 447 ఏ330 విమానం. వేగం కొలిచే పిటో గొట్టాలు మంచుతో మూసుకుపోయి వేగం రీడింగులు తప్పాయి, ఆటోపైలట్ ఆగిపోయింది. మామూలుగా ఎంత లాగినా స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) కానివ్వని కంప్యూటర్ రక్షణ కూడా పోయింది. స్టాల్ హెచ్చరిక మోగుతున్నా ఒక కో-పైలట్ స్టిక్ వెనక్కే లాగుతూ వచ్చాడు. పక్కవాడి స్టిక్ మాత్రం కదల్లేదు. 228 మంది చనిపోయారు.

అలాగని బోయింగ్ గొప్పేం కాదు. 2013 జులై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆకాశం నిర్మలంగా ఉంది. దిగుతున్న బోయింగ్ 777, ఏషియానా 214 పైలట్లు వేగం సంగతి ఆటోథ్రాటిల్ (ఇంజిన్ శక్తిని తానే సర్దే పరికరం) చూసుకుంటుందనుకున్నారు. అదేమో హోల్డ్‌లో ఉంది, అంటే వేగాన్ని పట్టించుకోవడం లేదు. వేగం పడిపోయి తోక సముద్రపు గట్టుకు తగిలింది, ముగ్గురు పోయారు.

నన్నడిగితే యోక్‌కే ఓటు. అయితే ఏషియానాలో యోక్ చేతిలోనే ఉంది, వేగం రీడింగు వైపు కళ్లే లేవు.